బూటు డబ్బులు ఎవరివి?

ఒరే అబ్బాయ్, నింపురా వైపు వెల్డింగ్ పనిలో చేరావని మీ నాన్న చెప్పాడు. సంతోషం. బూట్లకీ హెల్మెట్‌కీ మొదటి జీతంలో కోత పెడతామంటే సరేనన్నావట. అదే బాగాలేదు.

పనిలో ఒంటికి రక్షణగా వేసుకునేవి యజమానే ఇవ్వాలి, పైసా తీసుకోకుండా. 1948 ఫ్యాక్టరీల చట్టం 114వ సెక్షన్ ఈ మాటే చెప్పేది. దాని చోట 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కోడ్‌లోనూ ఇదే ఉంది. గొడవ పడమనను. నీతో చేరిన నలుగురినీ వెంటబెట్టుకుని మెల్లగా అడుగు. అయినా కోస్తే, ఎందుకు కోశారో చీటీ మీద రాయించుకో.

ఊరికే ఇచ్చారు కదా అని ఏదో ఒకటి తొడుక్కోకు. బూటు మీద ఐ.ఎస్. 15298 అని ఉండాలి. ముందుండే ఉక్కు రేకు 200 జౌళ్ల దెబ్బ తట్టుకోవాలి. అంటే ఇరవై కిలోల ఇనుము మీటరు ఎత్తు నుంచి పడినంత. సాయంత్రానికి కాళ్లు కాస్త ఉబ్బుతాయి, మేజోళ్లతో అప్పుడు వేసి చూడు. బొటనవేలు రేకుకి తగిలితే వద్దను, లేకపోతే వారం తిరక్కుండా మూలన పడేస్తావు.

కళ్ల దగ్గర మాత్రం మొహమాటం వద్దు. గ్యాస్ కటింగ్‌కి 5 నంబరు అద్దం సరిపోతుంది, ఆర్క్‌కి 10, 11 కావాలి. కటింగ్ అద్దాలతో ఆర్క్ చూస్తే అప్పటికేమీ తెలియదు, అర్ధరాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మంట లేస్తుంది. పక్కవాడి మెరుపు తగిలినా అంతే. గ్రైండింగ్‌లో ముఖానికి షీల్డు ఉన్నా లోపల కళ్లజోడు తీయకు, రవ్వ కింద నుంచి దూరుతుంది. నైలాన్ చొక్కా కరిగి ఒంటికి అంటుకుంటుంది, నూలుదే వేసుకో. డ్రిల్లింగ్ మిషన్ దగ్గర గ్లౌజులు తీసెయ్. తిరుగుతున్న బిట్టు గ్లౌజును లాగితే చెయ్యీ దాంతోపాటే పోతుంది.

బైకు హెల్మెట్‌కి మాత్రం నీ డబ్బే పెట్టాలి. పని టోపీతో బైకెక్కే కుర్రాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. అది పైనుంచి పడేవాటికిరా, రోడ్డుకి కాదు. ఫుట్‌పాత్ సరుకు మీదా ఐ.ఎస్.ఐ. గుర్తు ఉంటుంది, అచ్చు కొట్టడం ఎంతసేపు! గుర్తుతో ఉన్న సి.ఎం./ఎల్. నంబరును ఫోన్లో బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో కొట్టి చూడు, కంపెనీ పేరు రావాలి. పట్టీ బిగించి తల ఊపితే హెల్మెట్ జారకూడదు. బొమ్మలకీ రంగులకీ అదనంగా డబ్బు పోయకు. ఒకసారి గట్టి దెబ్బ తిన్నదాన్ని పైకి బాగానే కనిపించినా మార్చెయ్, లోపలి థర్మాకోల్ నలిగిపోయి ఉంటుంది.

కొనేటప్పుడు రెండు కొను. చెల్లిని కాలేజీకి దింపేది నువ్వే కదా. నీ పాతది దానికి అంటగట్టకు. షాపుకి దాన్నే తీసుకెళ్లు, జడ కిందికి వేసుకుని పెట్టుకోమను, ముడి చుడితే హెల్మెట్ సరిగా దిగదు.