విరగని కడ్డీ, తప్పని బాధ్యత

పాత డ్రాగ్ రేసు కారులో బ్రేకు పెడల్‌ను మాస్టర్ సిలిండర్‌తో కలిపేది వేలంత మందం కూడా ఉండని ఉక్కు కడ్డీ, పుష్‌రాడ్. పారాచూట్ లేని కారు పావు మైలు, అంటే సుమారు 402 మీటర్లు, దాటాక ఆగాలంటే ముందుగా ఆ కడ్డీ నిలవాలి. పెడల్ చాపంలా తిరుగుతుంది, పిస్టన్ తిన్నగా కదులుతుంది. రెండింటి వరుస కుదరకపోతే తొక్కినప్పుడల్లా కడ్డీ కాస్త వంగుతుంది. లాక్‌నట్ అంచున, మరచుట్టు లోతులో, వెంట్రుకవాసి పగులు పుడుతుంది. మామూలు చూపుకు అది ఆనదు.

ఇన్నేళ్లుగా విరగలేదన్న నమ్మకం చాలుతుందా? ఆంగ్ల గణితవేత్త విలియం కింగ్డన్ క్లిఫర్డ్ 1877 నాటి ‘ది ఎథిక్స్ ఆఫ్ బిలీఫ్’ వ్యాసంలో ఓడ యజమాని విషయంగా ఈ ప్రశ్నే ఎత్తాడు. పాత ఓడను పరీక్షించకుండా, గట్టిదేనని మనసుకు నచ్చజెప్పుకుని జనాన్ని పంపినవాడు, ఓడ క్షేమంగా చేరినా దోషేనన్నాడు. తీర్పు కఠినమే, అయినా న్యాయమైనది. ఫలితం అదృష్టం చేతిలోది. పరీక్ష మాత్రం మనిషి చేతిలోది. పైగా పందెం చివర నిలబడినవారికి ఆ కడ్డీ సంగతే తెలియదు, వారి సమ్మతి ఎవరూ అడగలేదు.

ఆ పరీక్ష పెద్ద పనేమీ కాదు. కడ్డీని విప్పి, జిడ్డు తుడిచి, డై పెనిట్రెంట్ అనే రంగుద్రవం పూసి, పైన మిగిలినది తుడిచి, డెవలపర్ చల్లితే పగులు రంగుగీతగా బయటపడుతుంది. వంగినదాన్ని సరిచేయకుండా మార్చేయాలి. కొత్తది సిలిండర్‌కు సూటిగా ఉండాలి, మర తగినంత లోతుకు దిగాలి.