ఉప్పు గీతల పద్మవ్యూహము



నశించునని ముందుగానే తెలిసిన వస్తువును శ్రద్ధతో నిర్మించుట వివేకమా, వ్యర్థప్రయాసమా? ఈ ప్రశ్నను నాకు మొదట తెచ్చినది ఏ వేదాంతగ్రంథమును కాదు, మా అమ్మ ముగ్గుగిన్నె.

మా ఇల్లు డర్బను నగరమునకు ఉత్తరమున, చెరకుతోటల నడుమ ఉండెడిది. ఈ దేశమున సంక్రాంతి నడివేసవిలో వచ్చును. ఆనాడు తెల్లవారకముందే అమ్మ ముంగిట నీళ్ళు చల్లి, బియ్యపుపిండితో పద్మవ్యూహపు ముగ్గు పెట్టెడిది. వెలుపలి వాకిట వ్రేలు మోపి, మలుపు వెంట మలుపు తిరుగుచు పోయినచో నడిమి గది చేరవలెను. మధ్యాహ్నమునకు చీమలు సగము పిండిని మోసికొని పోయెడివి. మనవలెనే భారతదేశమునుండి ఈ తీరమునకు వచ్చిన గోరువంకలు మిగిలినదానిని పొడుచుకొని తినెడివి. సాయంకాలపు వాన తక్కినది కడిగివేసెడిది. “ఇంతదానికి ఇంత శ్రమ ఎందుకమ్మా?” అని ఒకనాడు అడిగితిని. “చీమలు తింటే నష్టమా?” అని అమ్మ నవ్వెను. అది జవాబుగా నాకు ఆనాడు తోచలేదు.

చాలకాలమునకు, మోతోయి యమమోతో అను జపాను కళాకారుని గూర్చి చదివినప్పుడు ఆ మాట మరల జ్ఞప్తికి వచ్చినది. ఈయన 1966లో హిరోషిమా రాష్ట్రమందలి ఒనోమిచి పట్టణమున జన్మించిరి. 1994లో ఈయన చెల్లెలు మెదడు క్యాన్సరుతో, 24 యేండ్ల వయసున మరణించెను. అటుపిమ్మట ఈయన ఉప్పును తన సాధనముగా గ్రహించిరి. జపానులో అంత్యక్రియలనుండి వచ్చినవారు శుద్ధికొరకు ఉప్పు చల్లుకొందురు. ఉప్పుతో దిష్టి తీయు ఇండ్లలో పెరిగిన మనకు ఈ భావము క్రొత్త కాదు.

ఆయన చేయు పని చూచుటకు సులభము, చేయుటకు కఠినము. సన్నని మూతిగల ప్లాస్టికు సీసాలో ఉప్పు నింపి, నేలపై కూర్చుండి, మెల్లగా నొక్కుచు తెల్లని గీతలు పోయుదురు. రోజుల తరబడి ఆ గీతలు పెరిగి, పెద్ద గది నేలనంతయు నింపు చిక్కుదారుల కోట యగును. అందు కొన్ని త్రోవలు ముందుకు సాగును, కొన్ని మూసికొనిపోవును. దానిని పట్టి ఉంచుటకు జిగురు లేదు. గాలిలోని తేమ చాలును, ఒక పాదము తగిలినను చాలును, గీత చెడును. ప్రదర్శన ముగిసిన పిమ్మట చూడవచ్చినవారే కలిసి దానిని చెరిపి, ఉప్పును ప్రోగుచేసి, సముద్రమున కలుపుదురు. 2012లో అమెరికాలోని చార్లెస్టను నగరమున ఇట్లే జరిగినది.

చెల్లెలిని మరవకుండుటకే ఈ పని యని ఆయన చెప్పియున్నారు. మరపునకు వెరచినవాడు శిలను విడచి ఉప్పును ఏల పట్టవలెను? నాకు తోచిన సమాధానము ఇది. శిలపై చెక్కినచో జ్ఞాపకపు భారమును శిలకు అప్పగించి తాను విశ్రమింపవచ్చును. ఉప్పు అట్టి సెలవు ఈయదు. ప్రతి పర్యాయమును నేలకు వంగి, మొదటి గీతనుండి ఆరంభింపవలెను. నిలుచునది కోట కాదు, గీయు చేతి అభ్యాసము.

ఇచట ఒక ఆక్షేపణ కలదు. “అన్నియు అశాశ్వతములే గదా! భాష పోయినది, ఆచారము పోవుచున్నది, ఇది కాలమహిమ. ఫలాపేక్ష లేకుండుమని గీత చెప్పుచున్నది” అని మనలో కొందరు నిట్టూర్చుచుందురు. గీత విడువుమన్నది ఫలముపై ఆశను, కర్మను కాదు. విడుచుట వేరు, పోగొట్టుకొనుట వేరు. యమమోతో తన చేతులతో పూర్తిగా నిర్మించినదానిని తన చేతులతో విడుచుచున్నారు. మనము నిర్మింపకయే విడచితిమని చెప్పుకొన్నచో అది వైరాగ్యము కాదు, అలసత్వము.

ఈ మాట ఇతరులను గూర్చి వ్రాయుట లేదు. సంక్రాంతి వచ్చు దినములలోనే ఇచట బడులు తెరచుదురు. “రా, పద్మవ్యూహము నేర్పెదను” అని అమ్మ ప్రతి యేడును పిలిచెడిది. హాజరుపట్టీలు, పాఠప్రణాళికలు ఉన్నవనియు, వచ్చే యేడు చూతమనియు నేను చెప్పెడిదానను. అట్లే యేండ్లు గడచెను. ఇప్పుడు అమ్మ లేదు. వెలుపలి వాకిలియు మొదటి రెండు మలుపులును మాత్రమే నా చేతికి తెలియును. అభిమన్యునకు తల్లి గర్భమున లోనికి పోవు దారియైన పూర్తిగా వినబడెనని మన పెద్దలు కథ చెప్పుదురు. నేను ఎదుటనే ఉండియు అంతమాత్రమును వినలేదు.

మన పూర్వులకు ఈ భేదము తెలియును. 1860 నవంబరులో ట్రూరో ఓడ మదరాసునుండి డర్బను చేరినది మొదలు 1911 వరకు ఒప్పందకూలీలుగా వచ్చినవారు మట్టిగోడలతో గుళ్ళు కట్టుకొనిరి. ఆ గోడలు వానలకు కరగెను. కరగినప్పుడెల్ల మరల మెత్తిరి. ఆ మట్టిలో నేడు ఎంత మిగిలినది? అయినను మెత్తిన చేతులు తమ పిల్లల చేతులకు పని చెప్పినందుననే నేను గుడి తరగతిలో ఓనమాలు దిద్దితిని, ఈ నాలుగు మాటలు వ్రాయగలుగుచున్నాను.

గత సంక్రాంతికి మా గుడి ఆవరణమున, ఒక వృద్ధమాత సాయముతో, పిల్లలచేత పద్మవ్యూహపు ముగ్గు వేయించితిని. అది మా అమ్మ ముగ్గు కాదు, ఆమె ఎరిగిన వేరొక విధము. సగములో ఒక బాలుడు వ్రేలితో దారి పట్టి పోయి, “టీచరమ్మా, ఇక్కడ మూసుకుపోయింది!” అని అరచెను. అందరమును నవ్వుకొని, ఆ మూల చెరిపి మరల గీసితిమి. మధ్యాహ్నము గోరువంకలు దిగినవి. ఒక బాలిక వానిని తోలుటకు లేచెను. “తిననీయమ్మా, రేపు నీవు మరల వేయవచ్చును” అని చెప్పి కూర్చుండబెట్టితిని.

కావున సోదర సోదరీమణులారా, మీ ఇంట ముగ్గు గాని, పాట గాని, పదిమాటల తెలుగు గాని మిగిలియున్నచో, ఎంతకాలము నిలుచునో అని లెక్కింపవలదు. ఈ యేడే ఒక చిన్న చేతికి అందీయుడు. తరువాత గోరువంకలు తిన్నను, వాన కడిగినను చింత లేదు.

శుభమ్.