స్వామి లేని వృషభము

మగపశువునందలి జాతిగుణమునకును, తద్ద్వారా లోకమునకు కలుగు సంతతికిని స్వామి యెవ్వడు? ఈ ప్రశ్న పశువుల సంతలో పుట్టినట్లు తోచినను, మన ధర్మశాస్త్రకారులు దీనిని విడిచిపెట్టలేదు. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున పుత్రుడు బీజమిచ్చినవానివాడా, క్షేత్రము కలవానివాడా యను వివాదము వచ్చినపుడు, గోవులను, గుఱ్ఱములను, ఒంటెలను దృష్టాంతముగా గైకొని, ఒకని ఆబోతువలన పరుల ఆవులకు నూరు దూడలు కలిగినను అవి యన్నియు ఆవులవారివే కాని ఆబోతు గలవానివి కావని నిర్ణయింపబడినది.

గుఱ్ఱపు పందెముల లోకము మాత్రము బీజమునకే వెల కట్టినది. మన మలకపేట మైదానమున పరుగిడు మేలుజాతి గుఱ్ఱముల పితృవంశము, 1791లో ఆంగ్లదేశమున తొలుత వెలువడిన వంశావళి గ్రంథపు పరంపరను పట్టి పోయినచో, ప్రాగ్దేశములనుండి కొనిపోబడిన మూడు మగగుఱ్ఱములలో ఏదో యొకదానిని చేరును. కెనడాలో 1961లో పుట్టిన నార్దర్న్ డాన్సర్ అను పొట్టి గుఱ్ఱము, 18 పందెములలో 14 గెలిచి, 1964లో కెంటకీ డెర్బీని సాధించి, ఆ యేడే కాలి నరము దెబ్బతిని పరుగు మానుకొన్నది. మరుసటి యేట దానిచేత ఒక్క గుఱ్ఱమును కట్టించుటకు వెల పదివేల డాలర్లు. ఇరువదియేండ్లు తిరుగునప్పటికి అది, పిల్ల పుట్టునను పూచీ సైతము లేకుండ, పదిలక్షల డాలర్లయినది. ఈ జాతియందు కృత్రిమ గర్భధారణము నిషిద్ధమగుటచే ఆ బీజము ఎన్నటికిని కొలదిమందికే అందును. స్వామ్యమనునది ఇంతకంటె సంపూర్ణముగా ఏ ప్రాణిమీదను నెలకొనలేదని నా యభిప్రాయము.

దీనికి సరిగా ఎదుటి కొసన మన కృష్ణాతీర గ్రామములు ఎరిగిన యాచార మొకటి కలదు. గృహస్థు మరణించిన పదునొకండవ నాడు, అతని పేర ఒక కోడెదూడను ఎంచి, తొడలపై శూలచక్రముల ముద్రలు వేసి, పెయ్యలతో కూడ పూజించి, తాడు విప్పి విడిచిపెట్టుదురు. అదియే వృషోత్సర్గము. ఇది దానము కాదు. దానమునకు పుచ్చుకొనువా డుండవలెను, పుచ్చుకొన్నవానికి స్వామ్యము సంక్రమింపవలెను. ఉత్సర్గమున ఇచ్చువాడు తన స్వామ్యమును తొలగించుకొనునే కాని ఇంకొకనియందు నిలుపడు. చెరువు త్రవ్వించి సర్వభూతములకు విడిచినట్లే ఆబోతును విడుచుచున్నాడు. ఆనాటినుండి దాని మెడపై ఎవ్వరును కాడి మోపరాదు. చేను మేసినను దండనము లేదని మనువే ఎనిమిదవ అధ్యాయమున చెప్పెను. ఆంగ్లేయుల న్యాయస్థానములు సైతము ఈ చిక్కును ఎదుర్కొనవలసివచ్చినది: 1880 దశకమున అలహాబాదు ఉన్నత న్యాయస్థానము, అట్లు విడువబడిన ఎద్దు ఎవరి సొత్తును కాదు గనుక దానిని పట్టుకొనుట దొంగతనము కానేరదని తీర్పు చెప్పినది. వైదికుడు ‘న మమ’ (నాది కాదు) అని పలికి విడిచినదానిని పరదేశ న్యాయాధిపతి తన శాస్త్రమార్గమున అక్షరాల అంగీకరించుట నాకు విస్మయము కలిగించును.

ఊరి ఆవులన్నిటికిని ఆ ఆబోతే దిక్కు. ఒక్క ఆవు మాత్రమే గల నిరుపేద యింటను, నూరెకరముల కామందు ఇంటను పుట్టిన దూడలకు తండ్రి యొక్కటే. ఒంగోలు జాతికి లోకమున కలిగిన కీర్తియందు, పైరుపచ్చలకును మేతకును ఉన్న భాగమువలెనే, ఈ త్యాగమునకును గొప్ప భాగ మున్నదని నేను దృఢముగా నమ్ముచున్నాను. అయితే ఈ మాటకు ఒక నియమము కలదు: విడిచినది మేలైనదై యుండవలెను. మందలో బలిష్ఠమైన కోడెను అరకకు దాచుకొని బక్కదూడకు ముద్ర వేసి తోలినవాడు, పాలింకిన ముసలి గోవులను దక్షిణగా ఇచ్చుచున్న తండ్రిని చూచి బాలుడగు నచికేతుడు ఏల కలతపడెనో ఎరుగనివాడు. కఠోపనిషత్తు ఆ కలతతోనే మొదలగుచున్నది. ఆబోతు లభింపనపుడు దర్భలతోనో పిండితోనో చేసిన బొమ్మను విడువవచ్చునని గరుడపురాణ మిచ్చిన వెసులుబాటు అశక్తులకే; శక్తి గలవారు సైతము దానిని వాడుకొన మొదలిడిన పిదప మంత్రము మిగిలినది, ఊరి ఆవులకు తోడు మిగులలేదు.

ఇంతలో బీజము సముద్రములు దాటినది. ఒంగోలు దాపున కరవది గ్రామపు పేర పిలువబడిన గిత్త 1960 దశకారంభమున బ్రెజిల్ చేరి, అచ్చట నెల్లూరు పేర ప్రసిద్ధమైన జాతికి మూలపురుషులలో ఒకటియైనది. ఆ జాతికి చెందిన వియాటినా-19 అను ఆవు నలుబది లక్షల డాలర్లు మించిన వెలతో గిన్నిస్ గ్రంథమున కెక్కినది. మన జాతి వర్ధిల్లుట సంతోషమే. కాని ఆ మందలలో అత్యధికము మాంసముకొరకే పెంచబడుచున్నవని తలచినపుడు, మృతుని సద్గతికై తాడు విప్పిన చేయి గుర్తుకు వచ్చి నా మనస్సు నొచ్చును. ఇచ్చట సంక్రాంతి బండలాగుడు పందెములకై ఉలవలు పెట్టి కన్నబిడ్డలవలె సాకబడు గిత్తలున్నవి. వానియందు రైతున కున్న ప్రేమ నిజమైనదే, ఐనను వాని తాడు ఒక్కని చేతిలోనే యున్నది.

గుంటూరు చెంత లాం పశుపరిశోధన కేంద్రమున ఒంగోలు జాతి రక్షింపబడుచున్నది. గ్రామ పశువైద్యశాలలలో ఘనీకృత వీర్యము స్వల్పమూల్యమునకు లభించుచున్నది. బీజము ఎల్లరకును అందుటయే ఉత్సర్గఫలమైనచో ఇదియు దానికి దూరము కాదని ఒప్పుకొందును. కాని ఇచ్చట విడిచినవాడు లేడు, విడుదల పొందిన పశువును లేదు. కావున కృష్ణా పుష్కరములలో భవానీపురపు పున్నమి ఘట్టమున పితరులకు పిండము లిడు సంపన్నులకు నా విన్నపము ఇది: పదికుటుంబములవారు కూడి, పిండిబొమ్మకు మారుగా, జాతి తెలిసిన మేలైన కోడెనొకదానిని కొని, పశువైద్యునిచే పరీక్షింపించి, మేతబీడు గల యొక గ్రామమునకు విడువుడు, దాని మేతకును వైద్యమునకును కొంత మూలధనము ఆ యూరి పాలసంఘము చేతిలో ఉంచుడు, పత్రముపై మాత్రము యజమాని పేరు వ్రాయింపకుడు.