"ఏటీ నేదు ఫాదరుగారూ!"



ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక గుడి గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పలకరించడం మా గురువులకు అలవాటు. కోటబొమ్మాళి ప్రాంతంలో అలాగే ఒక తల్లిని పలకరించాను. మనిషి సగమైపోయింది. కళ్లు లోతుకుపోయాయి. "ఏటమ్మా, అలాగున్నావు?" అని అడిగాను. "ఏటీ నేదు ఫాదరుగారూ, ఒల్లు బాగోనేదు, అంతే" అంది.

భర్త గల్ఫుకు వెళ్లి మూడేళ్లయింది. డబ్బు నెలనెలా వస్తోంది. అప్పు తీరింది, ఇంటికి స్లాబు పడింది. ఊరి లెక్క ప్రకారం ఆమెకు ఏ లోటూ లేదు. కాని రాత్రి నిద్ర లేదు, ముద్ద దిగదు, గుండె దడ. అత్తగారు గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. పొరుగువారు చిల్లంగి అన్నారు. మన సంఘంలోనే ఒకరు, "నీకు విశ్వాసం చాలదు, జపమాల ఇంకా చెప్పుకో" అన్నారట. ఆ మాటతో ఆమె దుఃఖానికి పాపభీతి కూడా తోడైంది.

ప్రియులారా, ఈ ఇల్లు ఎవరిదని ఆలోచించకండి. ఇలాంటి ఇల్లు మీ వీధిలోనే ఉంది. మనది వలసల జిల్లా. చెన్నైకి, హైదరాబాదుకు, గల్ఫు దేశాలకు మన బిడ్డలు వెళుతూనే ఉన్నారు. గుజరాత్ తీరాన వెరావల్‌కు చేపలవేటకు వెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్తాన్ వారికి చిక్కారు. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి వచ్చినప్పుడు మనమంతా సంతోషించాము. మంచిదే. కాని ఏడాదికి పైగా చెరలో ఉన్న ఆ మగవారి మనసు ఏమైందని, ఇక్కడ గుమ్మంలో ఎదురుచూసిన ఆడవారి మనసు ఏమైందని మనలో ఎందరు అడిగారు?

రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం తెరిచి చూడండి. ఏలీయా ప్రవక్త మహా విశ్వాసి. ఆకాశం నుండి అగ్నిని రప్పించినవాడు. అంతటివాడు ప్రాణభయంతో పరాయి చోటికి పారిపోయి, ఎడారిలో ఒక పొద కింద కూలబడి, ఇక బ్రతకలేనని దేవుణ్ణి వేడుకున్నాడు. దేవుడు ఆయనను గద్దించాడా? విశ్వాసం చాలదన్నాడా? లేదు. మొదట నిద్రపోనిచ్చాడు. దేవదూత వచ్చి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ పడుకోనిచ్చి మళ్లీ తినిపించాడు. ఆ తరువాత హోరేబు కొండమీద, ఇక్కడేమి చేస్తున్నావని అడిగి ఆయన గోడు చెప్పుకోనిచ్చాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. చివరికి ఎలీషాను తోడుగా ఇచ్చాడు.

నిద్ర, అన్నం, వినే చెవి, నడిచే తోడు. మానసిక వైద్యులు మాటలతో చేసే ఆసరా చికిత్స కూడా చాలావరకు ఇదే. వారానికో, పదిహేను రోజులకో ఒకసారి సుమారు ముప్పావుగంట శిక్షణ పొందిన మనిషి ఎదుట కూర్చుంటారు. ఆ మనిషి తీర్పు చెప్పరు, మీ కాపురం మీద పెత్తనం చేయరు. మీ మాట వింటారు, చిక్కుముడి ఎక్కడుందో మీతో కలిసి చూస్తారు, మీలో ఇంకా మిగిలివున్న బలాన్ని మీకే చూపిస్తారు. అవసరమైతే మందులకు డాక్టరు దగ్గరకు పంపుతారు.

"మాకు పాపసంకీర్తనం ఉంది కదా, ఇంకా ఇదెందుకు?" అని కొందరు అడుగుతారు. పాపసంకీర్తనంలో దేవుడు పాపాన్ని క్షమిస్తాడు. కాని నిద్రపట్టకపోవడం పాపం కాదే! దుఃఖం పాపం కాదే! కాలు విరిగితే కట్టు కట్టించుకుంటాము, ప్రార్థన కూడా చేసుకుంటాము. ఒకటి రెండవదానికి అడ్డు రాదు. వైద్యుణ్ణి, అతని నైపుణ్యాన్ని దేవుడే ఏర్పరచాడని సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం బోధిస్తున్నది. 2025లో దైవసన్నిధి చేరిన ఫ్రాన్సిస్ జగద్గురువులు, తాము 42 ఏళ్ల వయసులో సుమారు ఆరు నెలలపాటు వారం వారం ఒక యూదు మహిళా మానసిక విశ్లేషకురాలి దగ్గరకు వెళ్లామని 2017లో బహిరంగంగా చెప్పారు. అప్పటికే ఆయన గురువులు, యేసుసభ పెద్దలు. ఆయనకు లేని సిగ్గు మనకెందుకు?

మరి ఎక్కడికి వెళ్లాలి? ఎవరిని అడగాలి?

మొదటిది ఫోను. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం టెలిమానస్ అనే సేవను ప్రారంభించింది. 14416 నంబరుకు పగలూ రాత్రీ ఎప్పుడైనా ఫోను చేయవచ్చు. డబ్బు అక్కరలేదు. తెలుగులోనే మాట్లాడవచ్చు. చార్జీలకు లేనివారు, ఎవరైనా చూస్తారని జంకేవారు ఇక్కడినుండి మొదలుపెట్టండి.

రెండవది ఆసుపత్రి. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. జనం దాన్ని పిచ్చాసుపత్రి అంటారు. ఆ మాట మన నోట రాకూడదు. 2018 నుండి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ప్రభుత్వ వైద్యం పొందడం మన హక్కు. మన వివరాలు గోప్యంగా ఉంచడం వారి బాధ్యత.

మూడవది మనిషిని ఎంచుకోవడం. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ మీద మానసిక వైద్యం చదివి, మందులు రాసే డాక్టరు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, మాటలతో చికిత్స చేస్తారు. వారికి భారత పునరావాస మండలిలో రిజిస్ట్రేషను ఉండాలి. కౌన్సెలర్ అని బోర్డు పెట్టినవారందరికీ చదువు ఉంటుందని అనుకోవద్దు. ఏం చదివారు, ఫీజు ఎంత, ఎన్నిసార్లు రావాలి, నా మాట బయటకు పోదు కదా అని అడగండి. అలా అడగడం అమర్యాద కాదు. ఒకరితో మనసు కలవకపోతే ఇంకొకరిని చూడండి. నెలలో నయం చేస్తామని హామీ ఇచ్చేవారిని నమ్మకండి.

ఇక దంపతులకు ఒక మాట. మూడేళ్ల తరువాత భర్త తిరిగివస్తే ఇంట్లో పండుగే. కాని పదిరోజులు గడిచేసరికి ఇద్దరికీ ఏదో కొత్త. ఇన్నాళ్లూ ఇల్లు ఆమె నడిపింది, ఇప్పుడు ఆయన అడ్డుపడుతున్నట్టు ఆమెకు తోస్తుంది. తన ఇంట్లో తానే చుట్టం అయినట్టు ఆయనకు తోస్తుంది. పిల్లవాడు నాన్న దగ్గరకు రాడు. ఇది ఎవరి తప్పూ కాదు. ఇద్దరూ కలిసి ఒక సైకాలజిస్టు ఎదుట కూర్చుని మాట్లాడుకుంటే చాలా ముడులు విడిపోతాయి. అయితే ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే కలిసి కూర్చోమని ఆ స్త్రీని బలవంతపెట్టకండి. ముందు ఆమె క్షేమం. 181 మహిళా సహాయ నంబరు అందుకే ఉంది. సహించడమే సిలువ అని ఆమెకు ఎవరూ బోధించవద్దు.

దేశం కాని దేశంలో కొత్తగా అడుగుపెట్టిన బిడ్డలారా, ఇంటివారు ఈ పత్రిక చదివి వినిపిస్తే మీరూ వినండి. భాష రాదు, ఎండ మాడ్చేస్తుంది, ఒక గదిలో పదిమంది. ఇంటికి ఫోను చేసి "బాగున్నాను" అని అబద్ధమాడతారు. ఆ అబద్ధం ప్రేమతో ఆడినదే, కాని అది మిమ్మల్ని లోలోపల తినేస్తుంది. తోటివారిలో ఒక్కరికైనా నిజం చెప్పండి. దుబాయిలో ఉన్నవారికి భారత ప్రభుత్వపు ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం ఉంది. ఇతర చోట్ల భారత రాయబార కార్యాలయాన్ని అడగండి. దుబాయిలో మరియమాత దేవాలయం, కువైట్‌లో తిరుకుటుంబ దేవాలయం ఉన్నాయి. పూజకు వెళ్లండి, పూజ తరువాత మాట్లాడండి. ఐగుప్తులో పరాయివారై బ్రతికిన తిరుకుటుంబానికి మీ కష్టం తెలుసు.

ఇంట్లో ఎవరైనా చచ్చిపోవాలనుంది అంటే అది ఉత్తమాట అని కొట్టిపారేయకండి. పక్కనే కూర్చోండి, ఒంటరిగా వదలకండి. పురుగుమందు ఇంట్లో ఉంటే తీసివేయండి. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. ఆత్మహత్యతో బిడ్డను పోగొట్టుకున్న కుటుంబాన్ని దూరం పెట్టకండి. తీవ్రమైన మానసిక బాధ మనిషి బాధ్యతను తగ్గిస్తుందని, అట్టివారి రక్షణ గురించి నిరాశపడరాదని 1992లో వెలువడిన శ్రీసభ సత్యోపదేశం నేర్పుతున్నది.

ఆ తల్లి సంగతి చెప్పి ముగిస్తాను. తోడు వెళ్లడానికి సంఘంలోని ఒక అక్క ముందుకు వచ్చింది. ఇద్దరూ శ్రీకాకుళం బస్సెక్కారు. నాలుగైదుసార్లు వెళ్లారు. అంతా తేలిపోయిందని చెప్పను. కాని నిద్ర పడుతోంది, అన్నం సహిస్తోంది. మొన్న గుమ్మం దగ్గర మళ్లీ అడిగాను. ఈసారి "ఏటీ నేదు" అనలేదు. "ఈ వారం కొంచెం బరువుగానే ఉంది ఫాదరుగారూ" అంది. నా చెవికి అది ఒక స్తుతిగీతంలా వినిపించింది.

వచ్చే ఆదివారం మీ పక్క బల్లమీద కూర్చున్నవారిని ఒకసారి నిజంగా పలకరించండి. "ఏటీ నేదు" అంటే తొందరపడి వెళ్లిపోకండి. రెండవసారి అడగండి. హోరేబు కొండమీద దేవుడు కూడా రెండుసార్లే అడిగాడు.

వ్యాధిగ్రస్తుల స్వస్థతయైన మరియమాత మనందరికొరకు ప్రార్థించునుగాక. ఆమెన్.