మూడు సెకండ్ల లెక్క

“ఆ మూడు సెకండ్లు మిగిల్చి ఏం చేసుకుంటావ్?” అని అడిగింది మా ఆవిడ. ఫిబ్రవరిలో చెన్నై నుంచి తిరిగొచ్చిన రాత్రి, చెమటకి తడిసిన లెదర్ సూటు బాల్కనీలో ఆరేస్తూ, నా ల్యాప్ టైము 2 నిమిషాల 15 సెకండ్ల నుంచి 2 నిమిషాల 12కి దిగిందని చెప్పాను. దానికి వచ్చిన ప్రశ్న ఇది. అందులో వెటకారం లేదు. తను అకౌంట్స్ మనిషి. ఏదైనా మిగిలిందంటే అది ఏ ఖాతాలో పడిందో తెలియాలి. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ మూడింటిలో ఒక సెకండు నాది కాదని ఆ రాత్రి చెప్పలేకపోయాను.

నాకు నలభై రెండేళ్ళు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఏడో క్లాసు చదివే కూతురు, తీరని ఇంటి అప్పు. ఏడాదికి మూడు నాలుగు సార్లు ఒక చిన్న స్పోర్ట్స్ బైకుని ట్రాలీ ఎక్కించుకుని, ఆరువందల కిలోమీటర్ల పైచిలుకు వెళ్ళి, శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న రేస్ ట్రాక్ మీద ఒక పగలంతా తిప్పి వస్తాను. 1990లో మొదలైన ట్రాక్ అది. సుమారు 3.7 కిలోమీటర్లు, పన్నెండు మలుపులు. దీన్ని ట్రాక్ డే అంటారు. ఇది రేసు కాదు. గెలుపు లేదు, కప్పు లేదు, చూడ్డానికి వచ్చే జనం ఉండరు. అనుభవాన్ని బట్టి గుంపులు చేసి, ఒక్కో గుంపునీ పావుగంటో ఇరవై నిమిషాలో వదులుతారు. వచ్చి నీళ్ళు తాగి, టైర్లలో గాలి చూసుకుని, మళ్ళీ వంతు కోసం ఎదురుచూడ్డం. అంతే.

బయటివాళ్ళకి ఇది తెగింపు వ్యవహారంలా కనిపిస్తుంది. లోపల జరిగేది దాదాపు దానికి తలకిందులు. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను చేసిన పని ఏమిటంటే, స్ట్రెయిట్‌లో గుడ్డిగా రేజ్ చెయ్యడం, మలుపు మీద పడగానే భయపడి బ్రేక్ పట్టెయ్యడం. ఎంత కష్టపడితే అంత నెమ్మదయ్యాను. మూడో ట్రిప్పులో నేర్పేవాడొకాయన “ఈ పూటంతా బ్రేక్ ముట్టుకోకండి సార్, ఒక్క గేరులోనే తిప్పండి” అన్నాడు. నడక నేర్చుకుంటున్నట్టు తిప్పాను. బ్రేక్ లేదు కాబట్టి మలుపులోకి ఎంత వేగంతో వెళ్ళాలో ముందే ఆలోచించుకోవాల్సి వచ్చింది. ఆలోచించాలంటే ముందుకి చూడాలి. చూపు ఎక్కడుంటే బండి అక్కడికి పోతుంది. గుంటని చూస్తే గుంటలోకే. మధ్యాహ్నం బ్రేకులు తిరిగి వాడుకోమన్నాక చూసుకుంటే, అంతకుముందుకన్నా హాయిగా, ఎనిమిది సెకండ్లు తక్కువలో తిరుగుతున్నాను.

కీత్ కోడ్ అనే అమెరికన్ శిక్షకుడు 1983లో ‘ఎ ట్విస్ట్ ఆఫ్ ది రిస్ట్’ అని ఒక పుస్తకం రాశాడు. ఈ పిచ్చి ఉన్నవాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు చదివేదే. అందులో ఒక పోలిక ఉంది. మనిషి ధ్యాసని పది డాలర్ల నోటు అనుకోమంటాడు. బండి ఎక్కిన క్షణాన నీ దగ్గర ఉన్నది అంతే, అంతకు మించి అప్పు పుట్టదు. కొత్తవాడికి బ్రేక్ పట్టడానికే అయిదు డాలర్లు ఖర్చయిపోతే, మిగతా అన్నిటికీ కలిపి మిగిలేది అయిదే. అలవాటయ్యేకొద్దీ అదే పని కొన్ని పైసల్లో అయిపోతుంది. నైపుణ్యం అంటే చెయ్యి తిరగడం ఒక్కటే కాదు, చేతిలో చిల్లర మిగలడం కూడా.

చాలాకాలం నాకు ఇది గొప్ప నీతిపాఠంలా అనిపించేది. ఐరిస్ మర్డాక్ 1970లో వచ్చిన ‘ది సావరిన్టీ ఆఫ్ గుడ్’లో రష్యన్ భాష నేర్చుకోవడం గురించి రాస్తుంది. ఒక భాష ముందు కూర్చున్నప్పుడు, మనకన్నా వేరుగా, మన ఇష్టంతో పనిలేకుండా నిలబడి ఉన్న ఒక నిజానికి తల వంచాలి, ఆ వంచడంలోనే మనిషి తన ‘నేను’ నుంచి కాస్త బయటపడతాడని ఆమె వాదన. ట్రాక్ కూడా అటువంటిదే అనుకున్నాను. తారురోడ్డుకి నా ఉద్యోగం తెలీదు, నా వయసు తెలీదు. టైరుకి ఉన్న పట్టు ఇంత. అందులో బ్రేక్‌కి కొంత వాడేస్తే మలుపుకి అంత తగ్గుతుంది. బతిమాలినా గద్దించినా ఈ లెక్క మారదు. నెలల తరబడి మీటింగుల్లో మాటలతో నెట్టుకొచ్చే నాకు, మాటలు చెల్లని చోటొకటి ఉండటం ఊరట.

ఇంకో సమర్థన కూడా చెప్పుకునేవాణ్ణి. ట్రాక్ మీద నేర్చుకుంటే రోడ్డు మీద ప్రాణానికి భద్రత అని. ఇందులో కొంత నిజముంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది. వాళ్ళలో నూటికి నలభై నలుగురు ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్ళే. బ్రేక్ సరిగ్గా పట్టడం వచ్చి ఉంటే వాళ్ళలో కొందరైనా ఇంటికి చేరేవారేమో. కానీ శామ్ పెల్ట్‌జ్‌మన్ అనే ఆర్థికవేత్త 1975లోనే ఒక చిక్కు ప్రశ్న వేశాడు. కారులో భద్రత పెంచితే డ్రైవరు ఆ మేరకి దూకుడు పెంచడూ అని. ఆయన లెక్కల మీద చాలా తగవులు జరిగాయి గానీ, నా లోపలి సంగతి నాకు తెలుసు. నాలుగు ట్రాక్ డేల తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు దిగే ర్యాంపు మీద నేను ఇంతకుముందులా వెళ్ళడం లేదు. నేర్చుకున్నదాన్ని భద్రత ఖాతాలో జమ వెయ్యకుండా, వేగం కింద ఖర్చు పెట్టేసుకున్నాను. కాబట్టి ఆ సమర్థన మా ఆవిడ ముందు నిలవదు.

ఇక అసలు సంగతి.

ఆ ఫిబ్రవరి పొద్దున టీ దగ్గర ఒక కుర్రాడు పలకరించాడు. నేను ఫోన్లో మా అమ్మాయితో మాట్లాడుతుంటే విన్నట్టున్నాడు. “అన్నా, తెలుగోళ్ళా? మాది నెల్లూరు” అన్నాడు. ఇరవై నాలుగేళ్ళుంటాయి. మొదటి ట్రాక్ డే. బండి వాళ్ళ బావది, సూటు అద్దెది. ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు అని అడిగాడు. పెద్దరికం ఊరికే వచ్చేస్తుంది కదా, చెప్పాను. దూరంగా చూడు, హ్యాండిల్ గట్టిగా పట్టుకోకు, బండి వంగి ఉన్నప్పుడు మాత్రం ముందు బ్రేక్ ముట్టుకోకు తమ్ముడూ అని. ఆ రోజు మనుషులు తక్కువై మమ్మల్ని ఒకే గుంపులో వేశారు. నిర్వాహకులు పొద్దున్నే అందరినీ కూర్చోబెట్టి చెప్పిన రూలు ఒకటే: ఈ గుంపులో ఎవర్ని దాటినా బయటి వైపు నుంచే దాటాలి, మధ్యలో కనీసం రెండు మీటర్లు వదలాలి.

సాయంత్రం ఆఖరి సెషన్. ఎండ తగ్గింది, టైర్లు వేడెక్కి పట్టుగా ఉన్నాయి, నేను అంత బాగా ఎప్పుడూ నడపలేదు. ట్యాంకు మీద పెట్టుకున్న ఫోన్లో జీపీఎస్ యాప్ మలుపు మలుపుకీ పచ్చరంగు చూపిస్తోంది, అంటే పాత టైము కన్నా ముందున్నానని. స్టార్ట్ లైనుకి ముందొచ్చే చివరి మలుపులో ఒక బండి అడ్డం కనిపించింది. వెలుపలి నుంచి దాటాలంటే ఆగి, స్ట్రెయిట్ వచ్చేదాకా వెనకే ఉండాలి. ఒక సెకండు పోతుంది. లోపలి వైపు సందు ఉంది. దూరాను. చెయ్యి చాపితే తగిలేంత దూరంలో దాటాను. లైను దాటగానే ఫోన్లో 2:12. హెల్మెట్‌లో గట్టిగా అరిచాను. తర్వాతి మలుపు దగ్గర మార్షల్ ఎర్రజెండా ఊపుతున్నాడు.

వాడే. ట్రాకు మెడికల్ రూంలో చెయ్యి స్లింగులో పెట్టుకుని కూర్చున్నాడు. కాలర్ బోన్ విరిగింది. “ఎవరో లోపల్నించి దూసుకొచ్చారన్నా. ఉలిక్కిపడి ముందు బ్రేక్ పట్టేశా. మీరు పొద్దున చెప్పారు కూడా, పట్టొద్దని. తప్పు నాదే” అన్నాడు. నేనేమన్నానంటే, “పర్లేదు తమ్ముడూ, మొదట్లో అందరికీ అవుద్ది” అన్నాను. భుజం తట్టాను, విరగని వైపు.

దాటింది నేనని అతనికి తెలీదు. నల్ల సూటు, నల్ల హెల్మెట్, అందరం ఒకేలా ఉంటాం. మార్షల్ చూసినట్టు లేడు. వాదనకి వస్తే నా వైపు మాటలు తక్కువేం లేవు. అతను కాగితం మీద సంతకం పెట్టాడు, ఏం జరిగినా తనదే బాధ్యతని. నా బండి అతని బండిని తాకలేదు. బ్రేక్ పట్టింది అతని వేళ్ళే.

సంతకం సంగతి ముందు చూద్దాం. పెద్దవాడు తన ప్రాణంతో తాను ఏం చేసుకున్నా, ఇంకొకరికి హాని లేనంతవరకూ అడ్డుపడకూడదని 1859లో మిల్ రాశాడు. ట్రాక్ డే మొత్తం ఆ సూత్రం మీదే నిలబడి ఉంది. అయితే ఆ కుర్రాడు దేనికి ఒప్పుకున్నాడు? తారుకీ, వేగానికీ, తన చేతకానితనానికీ. రేసైతే ఒకరినొకరు తోసుకుంటూ దూరడానికి కూడా అందరూ ఒప్పుకున్నట్టే. ఇది రేసు కాదు. రెండు మీటర్లు వదులుతారన్న మాట మీద అతను సంతకం పెట్టాడు. ఆ మాట తప్పిన మనిషి అతని సంతకం చాటున దాక్కోలేడు.

రెండోది అదృష్టం. 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగల్ ‘నైతిక అదృష్టం’ అనే మాట మీద చెరో వ్యాసం చదివారు. నేగల్ ఇచ్చే ఉదాహరణ ఒక లారీ డ్రైవరు. బ్రేకులు చూపించుకోకుండా బండి తీశాడు. దారిలో పిల్లాడు అడ్డం రాకపోతే అతను వట్టి అజాగ్రత్త మనిషి. వస్తే ఒక చావుకి కారకుడు. చేసిన తప్పు రెండుచోట్లా ఒకటే. నిజం చెప్పాలంటే నేను ఆ రోజు అదే పని అంతకుముందు రెండుసార్లు చేశాను. ఏమీ కాలేదు కాబట్టి గుర్తుపెట్టుకోలేదు. వాళ్ళ మొహాలు కూడా నాకు తెలీవు. ఇతని ఎముక విరిగింది కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను. బాధపడాల్సింది మూడు సార్లకైతే, బాధ ఒక్కదానికే పుట్టింది. ఇది నా నిజాయితీ గురించి నాకు అంత మంచి మాటేమీ చెప్పడం లేదు.

మూడోది నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది. ఆ మలుపులో నా దగ్గర చిల్లర లేదా? ఉంది. ఆ ల్యాపులో నా చేతులు వాటంతటవే పనిచేస్తున్నాయి. ఫోన్ తెరమీది పచ్చరంగు చూసుకునేంత తీరిక ఉంది. కొత్తవాడికి పది డాలర్లూ ప్రాణం నిలుపుకోడానికే సరిపోతాయి, ఎదుటివాణ్ణి గమనించలేదంటే అర్థం చేసుకోవచ్చు. ఆ కుర్రాడు పూర్తిగా ఖాళీ చేతులతో ఉన్నాడు. నా దగ్గర మిగిలింది, దాన్నంతా నా అంకె మీద పెట్టాను. ముందున్నది పొద్దున నాతో టీ తాగిన మనిషని గుర్తుపట్టలేదు. అడ్డంగా ఉన్న ఒక వస్తువు, అంతే. మర్డాక్ చెప్పిన బయటి నిజం తారు ఒక్కటే అనుకోవడం నా పొరపాటు. ఆ బండి మీద ఉన్నవాడి భయం కూడా అంతే గట్టి నిజం. తారుకి తలవంచడం నాకు తేలికే, ఎందుకంటే వంచకపోతే నా ఎముకే విరుగుతుంది.

అయితే నైపుణ్యం చెడ్డదా? నాకలా అనిపించడం లేదు. ఆ రెండు మీటర్లు వదిలి, అవతలివాణ్ణి ఉలిక్కిపడనివ్వకుండా దాటడానికి లోపల దూరడానికన్నా ఎక్కువ నేర్పు కావాలి. ముందున్న కుర్రాడు ఎప్పుడు బిగుసుకుపోతాడో వెనకనుంచే చూసి, ఒక మలుపంతా ఆగగలిగిన పెద్ద రైడర్లని నేను చూశాను. వాళ్ళ టైములు నాకన్నా చాలా తక్కువ. కానీ ఆ ఆగిన నేర్పు ఏ యాప్‌లోనూ పడదు. పైగా ఆ ల్యాపు ఎర్రరంగులో వస్తుంది.

మా ఆవిడకి పదిరోజుల తర్వాత మొత్తం చెప్పాను. అంతా విని “ఆ అబ్బాయికి తెలుసా?” అంది. తెలీదన్నాను. “మరి నాకెందుకు చెప్తున్నావ్?” అని లేచి వెళ్ళిపోయింది.

నెంబరు ఆ రోజే తీసుకున్నాను, ఆరోగ్యం కనుక్కుంటానని. మర్నాడు సాయంత్రం చేశాను. చెయ్యి ఎలా ఉంది, ప్లేటు వేశారా, బావ ఏమన్నాడు, ఇవన్నీ అడిగాక చెప్పాను. లోపల్నించి వచ్చింది నేనేనని. రూలు తెలిసే వచ్చానని. బండి రిపేరు ఖర్చు నేను పెట్టుకుంటానని.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనకాల ఏదో టీవీ మోగుతోంది. నేను ఫోన్ కట్టయిందేమో అని తెర చూసుకున్నాను.

“అది మీ బెస్ట్ ల్యాపా అన్నా?” అన్నాడు.

అవునన్నాను.

“ఎంతొచ్చింది?”

చెప్పాను.

“బాగుంది టైము” అన్నాడు. కోపంగా అన్నాడో, మామూలుగా అన్నాడో నాకు తెలియలేదు. బండి సంగతి బావతో మాట్లాడి చెప్తానని పెట్టేశాడు.