చలి కావాలి, ఊగిసలాట వద్దు

శ్రీనగర్‌లో దాల్ సరస్సుకు ఎదురుగా, జబర్వాన్ కొండల కింద 2007లో తెరిచిన తులిప్ తోట ఉంది. మార్చి నెలాఖరు నుంచి కనిపించే ఆ రంగులకు మురిసిపోతాం గానీ, అసలు పని శీతాకాలం రాకముందే అయిపోతుంది. ఉల్లిగడ్డలాంటి దుంపల్ని, మొన పైకుండేలా, ఆరంగుళాల లోతున పాతేస్తారు. చలికి చచ్చిపోవూ? భలేవారే! మూడు నెలలైనా చలి తగలకపోతే తులిప్ సరిగ్గా పూయనే పూయదు. పైన మంచు కప్పేస్తే ఇంకా నయం, నేలలోని వేడి తొందరగా పోదు. దుంపకు ముప్పు నిలవ నీటితో, ఇవాళ గడ్డకట్టి రేపు కరిగే నేలతో. ఆ ఊగిసలాటకు అది పైకి తన్నుకొస్తుంది. అందుకే న్యూజెర్సీ పెరళ్లలో తులిప్‌లు పెట్టుకున్న మనవాళ్లు నేల గట్టిపడ్డాకే ఎండుటాకులు పరచాలి. ముందే పరిస్తే వెచ్చదనానికి ఎలుకలు చేరి దుంపల్నే విందు చేసుకుంటాయి. మొగ్గ కనబడ్డాక మంచు పడేలా ఉంటే, రాత్రి పాత దుప్పటి కప్పి పొద్దున్నే తీసేస్తే చాలు.