విహారయాత్రకు వెళ్తున్నారా? ధమ్మయాత్ర చేసి రండి



ఆదివారం వస్తే పిల్లలు ఊరుకోరు. "జూకి పోదాం, సింహాన్ని చూద్దాం" అంటారు. తిరుపతి చుట్టుపక్కల ఉన్నవాళ్లకైతే శేషాచలం కొండల కింద శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల ఉండనే ఉంది. 1987లో మొదలైన ఈ పార్కు అయిదు వేల ఎకరాలకు పైగా ఉంటుంది. కొండకు వచ్చిన యాత్రికులు కూడా దర్శనం అయ్యాక ఒక పూట ఇటు వచ్చి, వ్యాన్ ఎక్కి, సఫారీ తిరిగి వెళ్తుంటారు. పులిహోర కట్టుకుని, నీళ్ల సీసాలు నింపుకుని బయలుదేరుతున్న మీకు నాలుగు మాటలు చెప్పాలని ఈ కరపత్రం. వెళ్లొద్దని చెప్పడానికి కాదు.

ఇలాంటి ప్రయాణాన్ని మనం విహారయాత్ర అంటాం. బడి నోటీసు బోర్డు మీద కూడా అదే మాట రాస్తారు. ఈ మాట ఎంత పాతదో తెలుసా? ఇరవై రెండు వందల ఏళ్ల పైమాటే. అశోక చక్రవర్తి శిలాశాసనాల్లో ఎనిమిదవ దానిలో ఈ మాట ఉంది. ఆ శాసనాలు ఎక్కడో ఉత్తరాదిన మాత్రమే ఉన్నాయనుకోకండి. కర్నూలు జిల్లా పత్తికొండ ప్రాంతంలోని ఎర్రగుడి బండల మీద పద్నాలుగూ చెక్కి ఉన్నాయి.

ఆ శాసనంలో అశోకుడు చెప్పిన సంగతి ఇది. పూర్వం రాజులు విహారయాత్రలకు వెళ్లేవారు. ఆ యాత్రల్లో వినోదమంటే వేట. తాను పట్టాభిషేకం జరిగిన పదేళ్లకు సంబోధికి, అంటే బుద్ధగయకు వెళ్లాడు. అప్పటి నుంచి ఆయన యాత్రలు ధమ్మయాత్రలు అయ్యాయి. శ్రమణులను, బ్రాహ్మణులను దర్శించి దానం ఇవ్వడం, వృద్ధులను చూసి ఆదుకోవడం, పల్లె జనాన్ని కలిసి ధమ్మం గురించి మాట్లాడడం, ఇవీ ఆ యాత్రల్లో పనులు. ఇందులోనే తనకు ఎక్కువ ఆనందం దొరుకుతోందని కూడా రాయించాడు. గమనించండి, ఆయన ప్రయాణాలు మానలేదు. దారిలో ఏం చేయాలో అది మార్చుకున్నాడు.

"మేమేమన్నా వేటకు వెళ్తున్నామా, మాకెందుకు ఇదంతా?" అంటారేమో. సరే, సఫారీ వ్యాన్‌లోకి రండి.

సింహం చెట్టు కింద పడుకుని ఉంది. తోక మాత్రం అప్పుడప్పుడు కదులుతోంది. వ్యాన్ ఆగింది. రెండు నిమిషాలు అందరూ నోళ్లు మూసుకుని చూస్తారు. ఆ తర్వాత మొదలు. "లేవదేంటి?" "అన్నా, ఒకసారి హారన్ కొట్టన్నా!" ఒకాయన ఈల వేస్తాడు, ఇంకొకాయన కిటికీ జాలీ మీద దబదబా కొడతాడు. "ఇంత డబ్బు పెట్టి టికెట్ కొన్నది పడుకున్న సింహాన్ని చూడడానికా?" అని ఇంకెవరో విసుక్కుంటారు. పిల్లలు ఇదంతా చూస్తున్నారు. సింహాన్ని కాదు, మనల్ని.

సింహం రోజులో ఇరవై గంటల దాకా నిద్రలోనో విశ్రాంతిలోనో గడిపే జంతువు. అడవిలో ఉన్నా అంతే. పడుకోవడం దాని తప్పూ కాదు, పార్కువాళ్ల తప్పూ కాదు. మరి ఆ వ్యాన్‌లో దుఃఖపడుతున్నది ఎవరు? చెట్టు కింద ఉన్నది హాయిగానే ఉంది. కిటికీ దగ్గర ఉన్నవాడికే స్థిమితం లేదు. మొదట చూస్తే చాలనుకున్నాడు. చూశాక లేవాలన్నాడు. లేస్తే గర్జించాలంటాడు, గర్జిస్తే ఫోన్‌లో సరిగ్గా పడలేదంటాడు. దీన్నే బుద్ధుడు తణ్హ అన్నాడు. అందులో కంటికి సంబంధించిన దానికి రూపతణ్హ అని పేరు. ధ్యానంలో కూర్చున్నప్పుడు ఎంత వెతికినా దొరకని ఈ తణ్హ, సఫారీ వ్యాన్‌లో పావుగంటలో పట్టుబడుతుంది. నన్నడిగితే ఆ టికెట్ డబ్బులు దీనికే గిట్టాయంటాను.

జంతుశాలలో జంతువులను ఆటపట్టించడం, గాయపరచడం, వాటికి తిండి వేయడం, గోల చేసి బెదరగొట్టడం, చెత్త పారేయడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. అయితే చట్టం గేటు దగ్గర బోర్డుగా నిలబడుతుంది. శీలం మీతో పాటు వ్యాన్ ఎక్కుతుంది. పాణాతిపాతా వేరమణి అని మనం రోజూ తీసుకునే మొదటి శీలం చంపకుండా ఉండడంతో మొదలవుతుందే గానీ అక్కడితో అయిపోదు. ఏ ప్రాణికీ మన వల్ల భయం లేకుండా చూడడం దాని నిండు రూపం. దాన్నే అభయదానం అంటారు.

అభయం అన్న మాట వచ్చింది కాబట్టి జాతక కథల్లోని నిగ్రోధమిగ జాతకం చెప్పుకుందాం. అది కూడా ఒక పార్కు కథే. కాశీ రాజుకు వేట పిచ్చి. రోజూ జనాన్ని పనులు మాన్పించి అడవికి తోలేవాడు. విసిగిన జనం రాజోద్యానంలో గడ్డి పెంచి, నీళ్లు పెట్టి, అడవిలోని జింకలను అందులోకి తోలి తలుపు మూసేశారు. ఇంకేముంది, ఆవరణలోనే వేట! బాణాలకు బెదిరి ఊరికే గాయపడి చావడం కంటే రోజుకొకటి వంతు ప్రకారం వెళ్దామని జింకలు ఒప్పందానికి వచ్చాయి. ఒకనాడు చూలుతో ఉన్న లేడి వంతు వచ్చింది. ఈనేదాకా ఆగమని తన మంద నాయకుణ్ణి వేడుకుంది. అతను కుదరదన్నాడు. రెండో మందకు నాయకుడైన నిగ్రోధుడి దగ్గరకు వెళ్లింది. బోధిసత్వుడైన నిగ్రోధుడు ఇంకొకరి వంతు మార్చలేదు, తానే వెళ్లి వధ్యశిల మీద తల పెట్టాడు. రాజు చలించిపోయాడు. నీకూ ఆమెకూ అభయం అన్నాడు. మరి మిగిలిన జింకలో? వాటికీ. మిగిలిన జంతువులో? వాటికీ. పక్షులో, చేపలో? నిగ్రోధుడు అడుగుతూ పోయాడు, రాజు ఇస్తూ పోయాడు.

బుద్ధుడు మొదటిసారి ధమ్మచక్రాన్ని తిప్పింది కూడా ఆ కాశీ దగ్గరే, మృగదావంలో, అంటే జింకలు భయం లేకుండా తిరిగే వనంలో. అశోకుడు అక్కడే నాలుగు సింహాల స్తంభం నిలిపాడు. మన రూపాయి నోటు మీది సింహాలు అవే. జింకల వనంలో సింహాలు! ఈ సంగతి పిల్లలకు వ్యాన్‌లోనే చెప్పండి, జేబులోంచి నోటు తీసి చూపించి మరీ.

ఇక అసలు ప్రశ్న. జంతువులను బంధించిన చోటికి మనం వెళ్లవచ్చా? కొందరు ఉపాసకులు వెళ్లకూడదనే అంటారు. వాళ్ల మాటలో కరుణ ఉంది, కొట్టిపారేయలేం. కానీ ఒక సంగతి తెలుసుకోండి. సింహాలు, పులులు, చిరుతలు, ఎలుగుబంట్లు, కోతులతో ప్రదర్శనలు చేయించకూడదని కేంద్ర ప్రభుత్వం 1998లో ఉత్తర్వు ఇచ్చింది. సుప్రీంకోర్టు 2001లో దాన్ని సమర్థించింది. అప్పుడు సర్కస్ బోనుల్లోంచి బయటికొచ్చిన సింహాలు, పులులు ఎక్కడికి పోవాలి? వేటాడడం తెలియదు, అడవి చూడలేదు. వాటి కోసం దేశంలో పెట్టిన కొద్దిపాటి రక్షణ కేంద్రాల్లో ఒకటి తిరుపతి పార్కులోనే ఉంది. సర్కస్ సింహాల్లో చాలావాటిది ఆఫ్రికా, గిర్ జాతులు కలిసిన సంకరం. అందుకే వాటికి సంతానం కలగనీయకుండా, బతికినంత కాలం సాకే ఏర్పాటు చేశారు. జనాన్ని నవ్వించడానికి మంటల రింగుల్లోంచి దూకిన ప్రాణులకు ముసలితనంలో నీడ, నీళ్లు, వైద్యం ఇవ్వడం ఏ ధమ్మానికి విరుద్ధం? అశోకుడు పశువులకు కూడా చికిత్స ఏర్పాటు చేశానని రాయించుకున్నాడు.

ఆ సింహాన్ని సాకడానికి రోజూ వేరే ప్రాణి మాంసం కావాలి గదా అని మీరడగవచ్చు. కావాలి. దాన్ని కప్పిపుచ్చి లాభం లేదు. అశోకుడూ కప్పిపుచ్చలేదు. తన వంటశాలలో లక్షల ప్రాణులు పోయేవని, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక జింక మాత్రం పోతున్నాయని, ముందు ముందు అవీ ఉండవని శాసనంలో ఒప్పుకున్నాడు. సింహం గడ్డి తినలేదు, దానికి వేరే దారి లేదు. మనకుంది. చాలా జంతుశాలల్లో మాంసాహార జంతువులకు వారానికొక రోజు ఉపవాసం పెడతారు. అది సింహానికి ఉపోసథం కాదు, ఎందుకంటే అందులో దాని చేతన లేదు. చేతనే కమ్మం అన్నాడు బుద్ధుడు. ఆ వీలు మనిషికే ఎక్కువ ఉంది. ఆదివారం జూ చూసి వచ్చి రాత్రికి బిర్యానీ పార్సిల్ కట్టించుకునే వాళ్లు ఈ ఒక్క ముక్క ఆలోచించండి. అంతకంటే ఎక్కువ చెప్పను.

వ్యాన్‌లో మీరు చేయదగిన సాధన ఒకటుంది. బండి ఆగినప్పుడు ఫోన్ ఒడిలో పెట్టుకోండి. సింహం పొట్ట పైకీ కిందికీ కదలడం చూడండి. మీ శ్వాస కూడా గమనించండి. మూడు శ్వాసల పాటు "సుఖంగా ఉండు, భయం లేకుండా ఉండు" అని మనసులో అనుకోండి. సింహం పొదల వెనుక ఉండి కనబడకపోతే? కరణీయ మెత్త సుత్తం కంటికి కనబడని ప్రాణులను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. కాబట్టి ఆ రోజు కనబడని సింహానికి కూడా మీ మెత్త అందుతుంది. టికెట్ డబ్బులు పోయాయన్న బెంగ అక్కర్లేదు.

ఇంకొక్కటి. మన అమ్మలు, నాన్నలు "అల్లరి చేస్తే సింహానికి వేసేస్తా" అని పిల్లలను బెదిరిస్తుంటారు. అబద్ధం ఆడకపోవడం నాలుగో శీలం. బెదిరింపు మొదటి శీలానికీ దెబ్బే. పైగా ఆ పిల్లాడికి సింహం అంటే తినేసేదనే గుర్తుండిపోతుంది. తిరిగొచ్చేటప్పుడు పిల్లలే అడుగుతారు, "నాన్నా, ఆ సింహం ఇంటికి ఎప్పుడు వెళ్తుంది?" అని. రేపు వెళ్తుందని చెప్పి తప్పించుకోకండి. "దానికి వెళ్లడానికి అడవి లేదమ్మా, అందుకే ఇక్కడ చూసుకుంటున్నారు" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. "ఎవరు లేకుండా చేశారు?" అని అడిగితే, దానికీ జవాబు చెప్పండి.